ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన: ఎవరెవరు ఏ పని చూస్తారు?

కోఆర్డినేటర్, ఏప్రిల్ 4, శుక్రవారం

అందరికీ వందనాలు. ఈస్టర్ ఏప్రిల్ 20, ఆదివారం. ఇక్కడ కువైట్‌లో ఆదివారం డ్యూటీ రోజే కాబట్టి ఎప్పటిలాగే చీకటితోనే ఆరాధన. ఈ 2025లో తూర్పు సంఘాల క్యాలెండరు, మన క్యాలెండరు ఒకే రోజు మీద కలిశాయి. ఈజిప్టు కాప్టిక్ వాళ్ళకీ, మలయాళీలకీ, ఫిలిప్పీన్స్ వాళ్ళకీ, మన తెలుగువాళ్ళకీ అదే రోజు పండుగ. చాలా సంతోషం. కానీ పార్కింగ్ సంగతి తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. హాలు మనకు 3:45 నుంచి 5:45 వరకే. తర్వాత వేరే భాషవాళ్ళు వస్తారు. కుర్చీలు ఎలా ఉన్నవి అలా అప్పగించాలి.

సూర్యోదయం 5:15 ప్రాంతంలో. ఆ వేళకి వాక్యం అయిపోయి, చివరి కీర్తన పాడుకుంటూ బయటికి రావాలని అయ్యగారి కోరిక. పాటలవాళ్ళు చూసుకోండి, ఆరు కీర్తనలు పట్టవు, నాలుగు చాలు.

గుడ్ ఫ్రైడే 18న, 12 నుంచి 3 దాకా, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. ఇళ్ళల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకు సెలవంటూ దొరికితే అది శుక్రవారమే. అంటే వాళ్ళలో చాలామంది శుక్రవారం సిలువ దాకా రాగలుగుతారు గానీ, ఈస్టర్ నాడు ఖాళీ సమాధి దగ్గరికి రాలేరు. ప్రతి ఏడూ నాకు ఇదే బాధ. అందుకే ఆదివారం గ్రూప్ కాల్ పెట్టడానికి ఒక మనిషి ప్రత్యేకంగా కావాలి. వేరే ఏ పనీ పెట్టుకోకూడదు.

సాల్మియా నుంచి ఒక చెల్లి

అన్నా, ఆ కాల్ మాత్రం మానొద్దు. పోయిన ఈస్టర్‌కి నేను వంటింట్లో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. మీరు "లేచెను" అని పాడుతుంటే నేను నోరు మాత్రమే కదిలించాను, మేడమ్ లేస్తుందని. అప్పటికే మా ఆయన ఊళ్ళో సమాధుల తోట నుంచి వీడియో పంపాడు. మా అమ్మ సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. మనకంటే రెండున్నర గంటలు ముందు కదా అక్కడ. ఆ వీడియో, మీ పాట రెండూ కలిసి నాకు పండుగ అయ్యింది. మైకు దగ్గర ఫోన్ పెడితే ఖరఖరమంటుంది, కొంచెం దూరంగా పెట్టండి.

వంట టీమ్

ఆదివారం బిర్యానీ వద్దని మా అభిప్రాయం. ఆరింటికల్లా అందరూ డ్యూటీకి పరిగెత్తాలి. ఖుబూస్ రొట్టెలు, ఉడికించిన గుడ్లు, టీ. హాల్లో పొయ్యి పెట్టే వీల్లేదు కాబట్టి గుడ్లు ముందు రాత్రి ఇళ్ళల్లోనే ఉడికించాలి. శుక్రవారం ఉపవాసం విడిచాక పెరుగన్నం, మజ్జిగ. పెరుగన్నానికే పెద్ద గుండిగ కావాలి. సంఘం గుండిగ ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?

కోఆర్డినేటర్, ఏప్రిల్ 11, శుక్రవారం

గుండిగ ఎక్కడుందో నాకు తెలుసు. దాని గురించే ఈ పోస్టు.

కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు. 2023 క్రిస్మస్‌కి వంట సామాన్ల లెక్కలో 35 దినార్లు తేడా వచ్చింది. అప్పుడు లెక్కలు చూసింది నేనే. రాత్రంతా నిద్ర లేకుండా గుండిగ దగ్గర నిలబడి వండిన అన్నని, ఇంకా విస్తర్లు ఎత్తకముందే, నలుగురిలో నిలదీశాను. మూడు వారాల తర్వాత మాంసం కొట్టు బిల్లు దొరికింది. మసాలా డబ్బా మూతలో మడతపెట్టి ఉంది. తేడా మొత్తం ఆ కాగితంలోనే ఉంది. తప్పయిందని గ్రూపులో రాశాను. అప్పటికే ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఆయనతో పాటు నాలుగు కుటుంబాలు.

ఆ తర్వాత ప్రతి పండక్కీ "అందరూ ఆహ్వానితులే" అన్న పోస్టరు ఆయనకు పంపి, నా బాధ్యత తీరిందనుకున్నాను. మొన్న మార్కు 16వ అధ్యాయం చదువుతుంటే ఏడో వచనం దగ్గర ఆగిపోయాను. సమాధి దగ్గర ఆ దూత స్త్రీలతో, వెళ్ళి ఆయన శిష్యులకు చెప్పండి అని ఊరుకోలేదు. పేతురుకీ చెప్పండి అన్నాడు. పేతురు శిష్యుడే కదా, విడిగా పేరు ఎందుకు? ఎందుకంటే ప్రభువు పట్టుబడిన రాత్రి ఆయన్ని మూడుసార్లు ఎరగనన్నవాడు, "శిష్యులు" అన్న మాటలో తానున్నానని ఎలా నమ్ముతాడు? పేరు పెట్టి పిలిస్తేనే వస్తాడు. అక్కడ తప్పు చేసినవాడిని పేరు పెట్టి పిలిచారు. ఇక్కడ తప్పు చేసినవాణ్ణి నేను. మరి నేను పోస్టరు పంపి కూర్చుంటే ఎలా?

నిన్న రాత్రి ఫర్వానియాలో ఆ అన్న ఇంటికి వెళ్ళాను. అన్న తలుపు తీసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను బిల్లు సంగతి, నా నోటి దురుసు సంగతి, ఇన్నాళ్ళు రాకపోవడం సంగతి, మూడూ చెప్పి క్షమించమని అడిగాను. అక్క టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ బయటికి రాలేదు. గుండిగ వాళ్ళ బాల్కనీలో ఉంది. తోమి, బోర్లించి, పైన పాత చీర కప్పి ఉంచారు. ఏడాది పైన.

యూత్ టీమ్

ప్రైజ్ ద లార్డ్ అన్నా! ఈస్టర్ రోజు స్టేజీ మీద మీరిద్దరూ చేతులు కలిపితే అందరికీ సాక్ష్యంగా ఉంటుంది. రెండు నిమిషాలు టైమ్ పెట్టమంటారా?

కోఆర్డినేటర్

వద్దు తమ్ముడూ. మీ మనసు మంచిది, కానీ వద్దు. ఆయన్ని ఒకసారి నలుగురిలో నిలబెట్టాను, అది చాలు. అక్క మనసు ఇంకా కుదుటపడలేదు. ఈస్టర్ తారీఖుకి ఆమె క్షమించి తీరాలని మనం గడువు పెట్టకూడదు. యోహాను 21లో ప్రభువు పేతురుతో మాట్లాడకముందు ఏం చేశారో చూడండి. నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ముందు తినమన్నారు. ప్రశ్నలు భోజనమయ్యాకే. ఆయన వస్తే పక్కన కుర్చీ వేయండి, ప్లేటు ఇవ్వండి. "ఇన్నాళ్ళూ ఏమైపోయారు" అని ఎవరూ అడగొద్దు.

ఇంక పని సంగతి. నేను వచ్చేస్తుంటే అన్న ఒక్క మాటన్నారు: "శుక్రవారం పెరుగన్నం నేనే కలుపుతాను, మనిషిని పంపు." ఆదివారం సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. 18న ఉదయం 11కి ఫర్వానియా నుంచి నిండు గుండిగ తేవాలి. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు చిన్నది. మోయడానికి నేనొకణ్ణి. ఇంకొకరు కావాలి, పెద్ద బండి కావాలి.

రవాణా టీమ్

నా వ్యాన్ ఉంది అన్నా. 10:30కల్లా కింద ఉంటాను. కట్టడానికి తాడు, కింద వేయడానికి దుప్పటి తెస్తాను.