ఆర్కిటిక్ మీద పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్: మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి దారి ఏది?

పలాస అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పూర్తి చేశాను. మాది పలాస దగ్గర పల్లెటూరు, నాన్న జీడితోట చూసుకుంటారు. ప్రాజెక్టు నాగావళి నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ మీద చేశాను, ఆమదాలవలస నుంచి కళ్లేపల్లిలో నది సముద్రంలో కలిసే చోటు దాకా శాంపిళ్లు తీసి. క్లాసులో పర్మాఫ్రాస్ట్ గురించి చదివినప్పటి నుంచి ఆర్కిటిక్ మీదే మనసు పోతోంది. ఏళ్ల తరబడి గడ్డకట్టిన ఆ నేలలో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల కార్బన్ ఉందట, అంటే ఇప్పుడు గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అది కరిగి వాగుల్లోకి, సముద్రంలోకి వస్తే ఏమవుతుందో నేనే చూడాలని ఉంది.

సమస్య ఏమిటంటే, విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ముందు నార్వేలో ఇంకో మాస్టర్స్ చెయ్యాలి, ఆ తర్వాతే పీహెచ్‌డీ అంటున్నారు. వాళ్ల ఫీజే లక్షన్నర, కాలేజీ ఫీజు వేరు. నాన్న తోట తాకట్టు పెడదామంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా నిజం చెప్పండి.

బొబ్బిలి టు ట్రోమ్సో:
చెల్లీ, ముందు తోట తాకట్టు మాట ఆపించు. నార్వేలో పీహెచ్‌డీ అంటే చదువు కాదు, ఉద్యోగం. నువ్వు ఫీజు కట్టవు, యూనివర్సిటీయే నీకు జీతం ఇస్తుంది, ఏడాదికి 5 లక్షల క్రోన్లకు పైనే, మూడేళ్లు, పాఠాలు చెప్పే బాధ్యత కూడా ఉంటే నాలుగేళ్లు. పన్ను పోయాక, ఇక్కడి ఖర్చులు పోయాక ఇంటికి పంపేంత పెద్దగా మిగలదు గానీ అప్పు లేకుండా బతకొచ్చు. ఫీజు ఉన్నది మాస్టర్స్‌కి. 2023 వరకు నార్వేలో మన వాళ్లకి అది కూడా ఉచితమే, ఆ ఏడాది శరదృతువు నుంచి యూరప్ బయటి విద్యార్థులకు ఫీజు పెట్టారు. నీకు ఇప్పటికే రెండేళ్ల ఎమ్మెస్సీ, థీసిస్ ఉన్నాయి కాబట్టి నేరుగా పీహెచ్‌డీ పోస్టులకు అప్లై చేసుకో. ప్రకటనలో ఏ గ్రేడు అడిగారో, ఏ ఇంగ్లీషు పరీక్ష అడిగారో మాత్రం ఒక్కో దాంట్లో జాగ్రత్తగా చూసుకోవాలి.

పోస్టులన్నీ జాబ్‌నార్గె సైట్‌లో బహిరంగంగానే పడతాయి. యూరప్ మొత్తానికైతే యూరాక్సెస్ చూడు. ఆపెక్స్ (APECS) అని ధ్రువప్రాంతాల మీద పనిచేసే కుర్ర పరిశోధకుల సంఘం ఉంది, వాళ్ల మెయిల్స్‌లో పీహెచ్‌డీలు, పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగాలు), సమ్మర్ స్కూళ్లు అన్నీ వస్తాయి. మంచు, హిమానీనదాల వైపు వెళ్తే క్రయోలిస్ట్ అనే మెయిలింగ్ లిస్టులో చేరు. ఇవేవీ డబ్బులు అడగవు. ఏ కన్సల్టెన్సీ అయినా నీకు చూపించేది ఈ ప్రకటనలే, దానికి లక్షన్నర ఎందుకమ్మా?

నార్వే ఒక్కటే పట్టుకుని కూర్చోకు. స్వీడన్‌లో స్టాక్‌హోం, ఆ దేశం ఉత్తర కొసన అబిస్కో పరిశోధనా కేంద్రం, జర్మనీలో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ (పర్మాఫ్రాస్ట్ అంటే వాళ్ల పోట్స్‌డామ్ శాఖ), అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలో లావాల్ యూనివర్సిటీ, ఇవన్నీ ఈ రంగంలో పెద్ద పేర్లు. అలాస్కాలో పద్ధతి వేరు, అసిస్టెంట్‌షిప్ దొరికితే ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్.

ఇంకో మాట, నీ నాగావళి ప్రాజెక్టును తక్కువ చేసి చూడకు. ఫాస్ఫేట్‌కి మాలిబ్డినం బ్లూ పద్ధతే వాడి ఉంటావు కదా, ఇక్కడ ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్లకి వాడేదీ అదే. హిమానీనదం కరిగి వచ్చే నీళ్లు బూడిద రంగులో చిక్కగా ఉంటాయి, ఫిల్టర్ కాగితం కాసేపటికే మూసుకుపోతుంది, చేతికి గ్లవ్స్ ఉన్నా కాగితాన్ని ఫోర్సెప్స్‌తోనే పట్టుకోవాలి, శాంపిల్‌తో పాటు ప్రతిసారీ శుద్ధమైన నీటితో ఒక ఫీల్డ్ బ్లాంక్ కూడా తీసి పెట్టుకోవాలి, లేకపోతే ఆ లెక్కలో ఎంత నదిది, ఎంత సీసాది అన్నది ఎవరూ తేల్చలేరు. బ్లాంక్‌లు, రెప్లికేట్‌లు (ఒకే చోట మళ్లీ తీసిన శాంపిళ్లు) తీసి ఉంటే సీవీలో తప్పకుండా రాయి. ఇంటర్వ్యూలో వాళ్లు ముందు అడిగేది అదే.

గోవాలో విజయనగరం:
అన్నయ్య చెప్పిందంతా సరే గానీ మన దేశంలో ఉన్న దారిని మర్చిపోతున్నారు. గోవాలో జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది, ఎన్‌సీపీఓఆర్ అంటాం. 2007లో మన మొదటి ఆర్కిటిక్ యాత్ర, 2008లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ-ఓలెసున్ అనే ఊళ్లో హిమాద్రి స్టేషన్, 2014లో అక్కడి కోంగ్స్‌ఫ్యోర్డ్‌లో ఇండ్‌ఆర్క్ అనే పరికరాల వరుసను నీళ్లలో దించారు, అది ఏడాది పొడవునా ఉష్ణోగ్రత, లవణీయత నమోదు చేస్తుంది. 2023 డిసెంబరులో మొదటిసారి చలికాలం యాత్ర కూడా మొదలైంది. అక్కడ అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు కనపడడు, కాబట్టి అది చిన్న విషయం కాదు.

చెల్లీ, సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ రాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)లో 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఆ ఫెలోషిప్‌తో గోవాలోనే చెయ్యాలని లేదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెటియోరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉండనే ఉంది. ఆర్కిటిక్ యాత్రకు ప్రాజెక్టు ప్రతిపాదనలు యూనివర్సిటీల నుంచి కూడా తీసుకుంటారు, అది పెట్టాల్సింది గైడ్. అందుకే గైడ్‌ని ఎంచుకునేటప్పుడే ధ్రువాల ప్రాజెక్టులు ఉన్నాయా, పాత విద్యార్థులు వెళ్లారా అని మొహమాటం లేకుండా అడుగు. నీ-ఓలెసున్ వెళ్లాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి, పక్కనే రేడియో టెలిస్కోప్ ఉంది కాబట్టి వైఫై, బ్లూటూత్ నిషేధం. అమ్మానాన్నలకి ఈ సంగతి ముందే చెప్పి వెళ్లడం మంచిది.

చీపురుపల్లి ఏరోసోల్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది పీహెచ్‌డీ అయిపోవస్తోంది, మన తీరం మీద గాలిలోని నల్ల కార్బన్ (పొగ మసి), ధూళి కణాల కొలతలు. పోస్ట్‌డాక్‌కి ఆర్కిటిక్ వైపు మారొచ్చా, మంచు మీద ఎప్పుడూ పని చెయ్యలేదు అని తీసిపారేస్తారా?

పోట్స్‌డామ్ నుంచి:
తీసిపారెయ్యరు. నల్ల కార్బన్ మంచు మీద పడితే అది ఎండను ఎక్కువ పీల్చుకుని త్వరగా కరుగుతుంది, మీ కొలతల అనుభవం నేరుగా పనికొస్తుంది. నీ-ఓలెసున్‌లో గ్రువెబాడెట్ అనే వాతావరణ లాబ్‌లో మన వాళ్ల పరికరాలు ఉన్నాయి, ఎన్‌సీపీఓఆర్ వాళ్లతో ఇప్పుడే పరిచయం పెంచుకోండి.

యూరప్‌కైతే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్. ఏ దేశం వాళ్లయినా పెట్టుకోవచ్చు, గడువు సాధారణంగా ప్రతి సెప్టెంబరులో. షరతులు ముఖ్యంగా రెండు. పీహెచ్‌డీ తర్వాత పరిశోధనలో ఎనిమిదేళ్లు దాటకూడదు, వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లకి రెండోది సమస్యే కాదు. అప్లికేషన్ మాత్రం ఆతిథ్యం ఇచ్చే ప్రొఫెసర్‌తో కలిసి రాయాలి, సెప్టెంబరు గడువుకి ఆగస్టులో మెయిల్ పెడితే ఎవరూ ఒప్పుకోరు, ఫిబ్రవరి, మార్చిలోనే మాట్లాడుకోవాలి. జర్మనీకి హంబోల్ట్ ఫెలోషిప్ కూడా ఉంది.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి చెప్తున్నాను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య సంస్థలకి సైబీరియా ఫీల్డ్ చాలావరకు మూసుకుపోయింది. ఆర్కిటిక్ భూభాగంలో సగం దగ్గర రష్యాదే, కాబట్టి ఆ లోటు చిన్నది కాదు. సైబీరియా శాంపిళ్ల మీద ఆధారపడే ప్రాజెక్టు ఎవరైనా చూపిస్తే, ఆ డేటా ఇప్పటికే చేతిలో ఉందా అని అడిగి తెలుసుకోండి.

రాజాం మాస్టారు:
నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. అమ్మాయ్, ఆర్కిటిక్ నీకు అంత దూరమేమీ కాదు. శీతాకాలంలో నౌపడ ఉప్పు మడుల దగ్గరికి వెళ్లి చూడు, బురదలో గబగబా ముక్కు పొడుస్తూ చిన్న ఉల్లంకి పిట్టలు తిరుగుతుంటాయి. వాటిలో లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్ లాంటివి గుడ్లు పెట్టేది సైబీరియా టండ్రాలో. అక్కడ మంచు ముందుగా కరిగితే పురుగులు ముందుగా పుడతాయి, గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చేసరికి మేత అయిపోతుంది. మన ఊరి నుంచే అడగదగ్గ ప్రశ్న ఇది.

రుతుపవనాల సంగతీ అంతే. రష్యాకి ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన దేశంలో సెప్టెంబరులో పడే కుండపోత వానలకీ సంబంధం ఉండవచ్చని ఎన్‌సీపీఓఆర్ శాస్త్రవేత్తలు 2021లో పేపర్ వేశారు. వంశధార, నాగావళి వరదలు చూసిన మనకి ఇది సంబంధం లేని విషయం ఎలా అవుతుంది? మీ నాన్నగారు ఆ చలిదేశం గొడవ మనకెందుకు అంటే ఈ సంగతి చెప్పు, రైతు కాబట్టి ఆయనకి మనకంటే బాగా అర్థమవుతుంది.

పలాస అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాం, నాన్న కూడా ఈ జవాబులన్నీ చదివించుకుని విన్నారు. ఆఖరిగా ఒక్క సందేహం. నెట్ పరీక్ష అయ్యేదాకా ఖాళీగా ఉండకుండా ఏం చెయ్యాలి? ప్రొఫెసర్లకు మెయిల్ ఎలా రాయాలి?

బొబ్బిలి టు ట్రోమ్సో:
పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకో. సముద్రపు మంచు డేటా అమెరికా వాళ్ల మంచు డేటా కేంద్రం ఎన్‌ఎస్‌ఐడీసీలో 1979 నుంచి ఉచితంగా దొరుకుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో అలాస్కాలోనో కెనడాలోనో ఒక చిన్న ప్రాంతం తీసుకుని, పర్మాఫ్రాస్ట్ కుంగి ఏర్పడిన చెరువులు ముప్పై ఏళ్లలో పెరిగాయా తగ్గాయా చూడు. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడితే లెక్కలన్నీ గూగుల్ కంప్యూటర్లలోనే జరుగుతాయి, నీ ల్యాప్‌టాప్ మీద భారం పడదు. కోడ్ అందరికీ కనపడేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టు.

మెయిల్ పది లైన్లు దాటకూడదు. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్' అని మొదలుపెట్టకు, అలాంటివి వాళ్లకి రోజూ వస్తాయి. ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో నీకు తట్టిన ఒక్క ప్రశ్న రాయి, తర్వాత నాగావళిలో ఏం కొలిచావో రెండు వాక్యాలు, ఆ చెరువుల పని లింకు, సీవీ. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తు చెయ్యి. మొదటి మెయిల్ రాశాక ఇక్కడ పెట్టు, పంపే ముందు నేను చూసి పెడతాను.