లాక్‌డౌన్‌లో అంత్యక్రియలు చేయించమని అడిగారు, కొత్తవాణ్ణి, సలహా కావాలి

ఏవన్‌డేల్, ఏప్రిల్ 24, 2020

అందరికీ నమస్కారం. ఈ గ్రూపులో అందరిలాగే నేనూ పేరు బదులు ఉండే చోటు పేరే పెట్టాను. జనవరిలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చాను, వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది అమలాపురం దగ్గర పల్లె. మా తాతగారు చావు తర్వాత చేసే అపరకర్మలు చేయించేవారు. ఆయన వెంట పదేళ్లు తిరిగాను కాబట్టి దహనం నుంచి సపిండీకరణం దాకా నాకు వచ్చు. ఈ సంగతి ఆఫీసులో ఒకాయనకి తెలుసు. వాళ్ల పక్కింటి పెద్దావిడ 22న రాత్రి పదకొండింటికి పోయారు, నన్ను చేయించమని అడుగుతున్నారు. మామూలుగా చేయించే పంతులుగారికి డెబ్బై దాటాయి, ఇల్లు కదలకూడదు. కొడుకు ఇక్కడే ఉన్నాడు, కూతురు హైదరాబాద్‌లో. దహనం 29, బుధవారం. అప్పటికి లాక్‌డౌన్ ఇప్పటి లెవల్ 4 నుంచి కాస్త సడలించిన లెవల్ 3కి వస్తుంది. నా ప్రశ్నలు రెండే. చేయించడానికి లైసెన్స్ లాంటిదేమైనా కావాలా? దర్భ ఎక్కడ దొరుకుతుంది?

మౌంట్ రాస్కిల్

తమ్ముడూ, లైసెన్స్ అక్కర్లేదు. పెళ్లి చేయించాలంటే ప్రభుత్వ ఇంటర్నల్ అఫైర్స్ శాఖలో నమోదైన సెలబ్రెంట్ (పెళ్లి జరిపించే అధికారం ఉన్న మనిషి) అయి ఉండాలి. చావుకి ఆ నియమం లేదు. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ డైరెక్టర్ లేకుండా ఇంటివాళ్లే అన్నీ చూసుకున్నా ఈ దేశంలో చట్టం కాదనదు. నువ్వు అడగాల్సింది కాగితాల గురించి.

2014లో మా బావమరిది పోయాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఇంటిపేరుగానే ఉంది, పేరులో రెండు ముక్కలున్నాయి. ఫ్యూనరల్ హోమ్ వాళ్లు ఆ రెండో ముక్కని ఇంటిపేరు గడిలో రాసి, ఇంటిపేరుని మధ్యలో పెట్టారు. మేము ఏడుపులో ఉన్నాం, చూడలేదు. దహనం అయిన మూడు పనిరోజుల్లోపు మరణం రిజిస్టర్ చేయాలి కాబట్టి వాళ్లు బీడీఎం 28 ఫారం పంపేశారు. సర్టిఫికెట్ వచ్చింది. అది పట్టుకుని మా చెల్లెలు ఇండియాలో బ్యాంకుకి వెళ్తే, ఈ పేరుగల మనిషికి మా దగ్గర ఖాతా లేదన్నారు. ఇక్కడికి ఫోన్ చేస్తే, మీరు చెప్పిందే రాశాం అన్నారు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అంటే జవాబు లేదు. అఫిడవిట్లు, కాగితాలు ధ్రువీకరించే జస్టిస్ ఆఫ్ ద పీస్ సంతకాలు, పాస్‌పోర్టు నకళ్లు, మళ్లీ ఫారాలు. ఎనిమిది నెలలు పట్టింది. ఇద్దరు చిన్నపిల్లలతో మా చెల్లెలు ఆ ఎనిమిది నెలలూ అన్నదమ్ముల దగ్గర చెయ్యి చాచింది. ఇప్పటికీ ఆ సర్టిఫికెట్ చూస్తే నాకు కడుపు రగులుతుంది.

అందుకని మంత్రం పక్కనపెట్టి ముందు ఆ పెద్దావిడ కొడుక్కి ఫోన్ చెయ్యి. ఫారం పంపే ముందు నాకు చదివి వినిపించండి అని ఫ్యూనరల్ హోమ్ వాళ్లని అడగమను. ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు అక్షరం అక్షరం చూసుకోమను. ఇంకొకటి, ఆవిడకి పేస్‌మేకర్ ఉందా? ఉంటే తీయించినట్టు సర్టిఫికెట్ లేనిదే దహనానికి ఒప్పుకోరు. ఆ వేడికి పేలుతుంది.

పాపటోయ్‌టోయ్

బాబూ, అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఎక్కువగా ఫిజీ నుంచి వచ్చిన మన తెలుగువాళ్ల ఇళ్లలో. వాళ్ల ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి గిర్మిట్ (ఒప్పందపు) కూలీలుగా వెళ్లినవాళ్లు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఫిజీకి ఓడలు నడిచాయి. ఇప్పటి పిల్లలకి తెలుగు మాట్లాడ్డం రాదు, భజనల్లో నాలుగు మాటలు మిగిలాయి. చావు ఇంట్లో మాత్రం తెలుగు వినపడాలంటారు.

ఉగాది పచ్చడి తిన్న రోజే రాత్రి 11:59కి ఈ దేశం మూతపడింది. లెవల్ 4లో దహనం జరగొచ్చు, జనం గుమిగూడకూడదు. రెండో వారంలో ఒక తాతగారు పోయారు, ఎనభై నాలుగేళ్లు. ముగ్గురు పిల్లలు మూడు ఇళ్లలో, మూడు బబుల్స్ (ఒక ఇంట్లో కలిసి ఉండేవాళ్లని ఇక్కడ బబుల్ అంటున్నారు). ఎవరూ వెళ్లడానికి లేదు, నేనూ లేదు. ఫ్యూనరల్ హోమ్ కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి శవపేటిక మీద ఉంచాడు. నేను మా వంటింట్లో కూర్చుని చెప్పాను. పెద్దకొడుకు తన ఇంట్లో తండ్రి ఫొటో చుట్టూ కుండతో మూడు ప్రదక్షిణలు చేశాడు. మధ్యలో ఆ కుర్రాడు ఇంగ్లీషులో అడిగాడు, నేనూ తిరగాలా అని. తిరుగు నాన్నా అన్నాను. వాడు తిరుగుతుంటే బూట్ల చప్పుడు మూడు ఇళ్లలోనూ వినపడింది. కూతురు అప్పటిదాకా ఏడవలేదు. ఆ చప్పుడు విని ఏడ్చింది.

దహన యంత్రం బటన్ నొక్కే ముందు, ఇప్పుడు అని పెద్దకొడుక్కి చెప్పాను. కర్పూరం వెలిగించి, పెరట్లోకి వెళ్లి కుండ పగలగొట్టాడు. అయిపోయింది అన్నాక ఒక్కరూ ఫోన్ పెట్టలేదు. నలభై నిమిషాలు అలాగే ఉన్నాం. నేనూ పెట్టలేదు.

నీకు చెప్పేది ఇదే. దూరంగా ఉన్నవాళ్లకి నువ్వే కళ్లు. ఇప్పుడు పేటిక లోపలికి వెళ్తోంది, అమ్మ మీద పసుపు చీర ఉంది, మీ అన్నయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు అని ఆ హైదరాబాద్ అమ్మాయికి చెప్పు. ఉదయం పది గంటలకి ఇక్కడ దహనం అంటే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఆ పిల్ల ఒక్కతే చీకట్లో కూర్చుని ఉంటుంది. పక్కన ఎవరైనా ఉండేలా చూడమను.

హెండర్సన్

అమ్మా, మీ మీద గౌరవం ఉంది, కానీ ఇది పద్ధతి కాదు. కర్మ చేయాల్సిన కర్త రాలేనప్పుడు దర్భ ఇచ్చి మరొకరికి అధికారం ఇచ్చే ఆచారం మనకి ఉండనే ఉంది. ఊరూ పేరూ తెలియని కుర్రాడి చేత ప్రదక్షిణ చేయించడం ఎక్కడా లేదు. ఫోన్‌లో చెప్పిన మంత్రానికి కర్తృత్వం ఎలా వస్తుంది? తమ్ముడూ, లెవల్ 3లో పదిమందికి అనుమతి ఉంది, నువ్వు స్వయంగా వెళ్లి చేయించు. ఫోన్‌లో మాత్రం వద్దు.

పాపటోయ్‌టోయ్

అన్నయ్యా, మూడు బబుల్స్ మధ్య ఆ దర్భ ఏ చేతి నుంచి ఏ చేతికి ఇవ్వమంటారు? గేటు దాటడానికి లేదు. ఆ కుర్రాడు ఆ రోజు మాకు బంధువు. నాకు అందులో సందేహం లేదు.

హామిల్టన్

శాస్త్ర చర్చ తర్వాత. ఏవన్‌డేల్ బాబు వర్క్ వీసా మీద ఉన్నాడు. వీసా మీద యజమాని పేరు, ఉద్యోగం రాసి ఉంటే వేరే పనికి డబ్బు తీసుకోకూడదు. స్టూడెంట్ వీసావాళ్లకి వారానికి లెక్కపెట్టిన గంటలే, అదీ ఎవరో ఒకరి దగ్గర ఉద్యోగంగానే, సొంతంగా కాదు. ఒక పిల్లాడు ఇలాగే పూజలకి డబ్బు తీసుకుని, అకౌంట్‌లో వేయించుకుని, తర్వాత వీసా పొడిగింపులో ఆ ఎంట్రీలకి జవాబు చెప్పలేక నానా తిప్పలు పడ్డాడు. ఏమీ తీసుకోకు.

హెండర్సన్

దక్షిణ జీతం ఎలా అవుతుంది? దక్షిణ లేని కర్మకి ఫలం లేదంటారు పెద్దలు. కర్తకే అది లోటు.

హామిల్టన్

పెద్దల మాట పెద్దలది. ఇమిగ్రేషన్ ఆఫీసర్‌కి దక్షిణ అంటే ఏమిటో మీరు వెళ్లి చెప్తారా? ఒక తమలపాకు, ఒక పండు తీసుకోమనండి, అదీ దక్షిణే. డబ్బు ఇవ్వాలనుకుంటే గుడి హుండీలో వేస్తారు.

మౌంట్ రాస్కిల్

హామిల్టన్ అన్నతో ఏకీభవిస్తాను. ఇంకో సంగతి, ఆ పదిమందిలో చేయించేవాడు ఉన్నట్టా లేనట్టా అని వాదించుకోకండి. నిన్ను కలుపుకునే పది లెక్కపెట్టు తమ్ముడూ, పదకొండోవాణ్ణి గుమ్మం దగ్గర వెనక్కి పంపడం కన్నా అది నయం. పేర్లు రాసి పెట్టుకోవాలి. తర్వాత ఇంటికి పిలిచి భోజనాలు అవీ లేవు, లెవల్ 3లో అది కుదరదు. లోపల సమయం తక్కువ ఉంటుంది, ఎంతసేపు ఇస్తారో ముందే అడిగి, దానికి సరిపడా కుదించుకో.

ఏవన్‌డేల్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఆ అబ్బాయితో మాట్లాడాను. పేస్‌మేకర్ లేదు. ఫారంలో ఇంటిపేరు నిజంగానే తప్పు పడింది, ఒక అక్షరం. ఇవాళ దిద్దించాం. డబ్బు తీసుకోనని చెప్పాను. ఇంకొక అనుమానం, పదో రోజు పోయిన రోజు నుంచి లెక్కా, దహనం నుంచా? తిథి ఇక్కడిదా, మన ఊరిదా?

హెండర్సన్

ఇది అడగాల్సిన ప్రశ్న. నిత్యాగ్నిహోత్రులకైతే దహనం నుంచి, మిగిలినవాళ్లకి పోయిన రోజు నుంచి. 22 నుంచి లెక్కపెడితే పదో రోజు మే 1. అంటే దహనమైన రెండు రోజులకే, కాబట్టి అస్థికలు ఎప్పుడు ఇస్తారో ఇప్పుడే అడుగు. తిథి గురించి చాలామంది పొరపాటు పడతారు. పోయిన క్షణానికి తిథి భూమ్మీద అంతటా ఒక్కటే, మారేది గడియారం. ఇప్పుడు మనం ఇండియాకి ఆరున్నర గంటలు ముందున్నాం. రాత్రి 11 అంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఊరి పంచాంగంలో ఆ సమయానికి చూడు, శార్వరి నామ సంవత్సరం, చైత్ర అమావాస్య. ఇక్కడి తారీఖు పట్టుకుని ఇండియా క్యాలెండర్ గడిలో చూస్తే ఏటా ఆబ్దికం తప్పు రోజున పెట్టే ప్రమాదం ఉంది.

దర్భ ఇండియా నుంచి తెప్పించే ఆలోచన వద్దు, ఎలాగూ విమానాలు లేవు. ఉన్నప్పుడు కూడా ఎండుగడ్డి అయినా డిక్లేర్ చేయాలి, చేయకపోతే ఎయిర్‌పోర్టులోనే 400 డాలర్ల జరిమానా. దర్భ దొరకనప్పుడు గరిక వాడొచ్చని ఉంది.

పాపటోయ్‌టోయ్

అస్థికలు సముద్రంలో కలుపుతామంటే ముందు కౌన్సిల్‌ని అడగమను బాబూ. మావోరీలకి తిండి దొరికే నీళ్లు పవిత్రం, అందులో చితాభస్మం కలపడం వాళ్లకి అపచారం. ఎక్కడ కలపొచ్చో అడిగి, అక్కడే కలపాలి. సరిహద్దులు తెరిచాక గోదావరికి తీసుకెళ్తామంటే ఇంట్లో జాగ్రత్త చేసుకోవచ్చు, తప్పేమీ లేదు.

హెండర్సన్

తమ్ముడూ, మా పెరట్లో గరిక ఉంది. నల్ల నువ్వులు అరకిలో ఉన్నాయి, బియ్యప్పిండి కూడా. మంగళవారం సాయంత్రం గేటు మీద సంచి కట్టి పెడతాను, వచ్చి తీసుకెళ్లు. అమ్మా, ఆ హైదరాబాద్ అమ్మాయికి మా అక్కయ్య ఇల్లు దగ్గరే. ఇద్దరివీ నంబర్లు కలుపుతాను. లాక్‌డౌన్ కదా, పక్కన కూర్చోలేదు, కానీ ఆ వేళకి లేచి ఫోన్‌లో తోడు ఉంటుంది.