ఒకే కంటైనర్‌లో జీపు, ట్రైలర్ పడతాయా?

ప్రశ్న: జీపు పొడవు 4.8 మీటర్లు, రూఫ్ టెంట్‌తో ఎత్తు 2.35. ట్రైలర్ పొడవు 4.2. ఓడలో పంపడానికి నలభై అడుగుల కంటైనర్ సరిపోతుందా అండీ?

జవాబు 1: పొడవుకి ఢోకా లేదు, లోపల దాదాపు 12 మీటర్లు ఉంటుంది. చిక్కంతా తలుపు దగ్గరే. మామూలు కంటైనర్‌కి తలుపు ఎత్తు 2.28 మీటర్లే, హై క్యూబ్‌కి (ఎత్తు ఎక్కువుండే రకం) 2.58. హై క్యూబే అడగండి. టైర్లలో గాలి తీసి సర్దుకుందామంటే కలిసొచ్చేది కొద్ది సెంటీమీటర్లే. అన్నట్టు, లోపల జీపు డోర్ పూర్తిగా తెరుచుకోదు. అద్దం దించే ఎక్కించండి, నడిపినవాళ్ళు కిటికీలోంచి బయటికి రావచ్చు.

జవాబు 2: కట్టడం ఇంకా ముఖ్యం. బెల్టు ఛాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) మాత్రమే వేస్తే, ఓడ ఊగినప్పుడల్లా స్ప్రింగులు కుంగి బెల్టు వదులై కొక్కెం ఊడుతుంది. చక్రాలకే వేసి, ముందూ వెనకా చెక్క దిమ్మలు నేలకి మేకులతో బిగించండి. ట్రైలర్‌ని జీపు నుంచి విడదీసి వేరుగా కట్టాలి.

జవాబు 3: గ్యాస్ సిలిండర్ తీసేయండి, ఇంధనం కొద్దిగానే ఉంచండి. ఆస్ట్రేలియాకైతే ఛాసిస్ సందుల్లో మట్టి పెళ్ళ కనిపించినా అక్కడి అధికారులు మళ్ళీ కడిగిస్తారు, ఖర్చు మీదే.