నర్మదా పరిక్రమ చివర్లో ఉన్న స్వామివారిని కారెక్కమనడం సబబేనా?

గోదారిగట్టు: మా స్వామివారు ఓంకారేశ్వర్‌లో నర్మదా పరిక్రమ, అంటే నర్మద చుట్టూ కాలినడకన ప్రదక్షిణ, మొదలుపెట్టి, నదిని కుడిచేతి వైపే ఉంచుకుంటూ దక్షిణపు గట్టున సముద్రం దాకా, అక్కడ పడవలో అవతలికి, ఉత్తరపు గట్టున అమర్‌కంటక్ దాకా నడిచి, మళ్ళీ ఇవతలి గట్టున హండియా చేరారు. మొత్తం దాదాపు 2,600 కిలోమీటర్లలో ఇక వారం పది రోజుల నడకే మిగిలింది. నిన్న వీడియో కాల్‌లో పాదం చూపించమంటే మొహమాటపడుతూ చూపించారు. కుడి మడమ నిలువునా చీలి, వాచిపోయింది, కట్టిన గుడ్డ తడిసి ఉంది. ఆయన అడిగింది కాస్త ఆముదం. మావాళ్ళేమో స్వాగతానికి రోజు అనుకుని టికెట్లు కూడా చేయించేశారు, కారు పంపుదామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

నర్సమ్మ: పంపండి. షుగర్ ఉంటే మడమ పుండు ఎలా ముదురుతుందో రోజూ చూస్తున్నాను. సముద్రం దగ్గర పడవెక్కితే చెడని దీక్ష కారెక్కితే చెడుతుందా? బస్సుల్లో పరిక్రమ చేసేవాళ్ళు ఎంతమంది లేరు!

కాలిబాట: పడవతో పోలిక కుదరదమ్మా. నర్మదని దాటకూడదన్నదే పరిక్రమకి ప్రాణం, అందుకే విమలేశ్వర్ దగ్గర పడవ సముద్రంలోకి వెళ్ళి, నది కలిసే చోటుని చుట్టి మీఠీ తలాయి వైపు చేరుస్తుంది, అక్కడ అడుగు పెట్టడానికి నేలే లేదు. హండియా దాటాక ఇందిరా సాగర్ డ్యామ్ నీళ్ళు పాత గట్టుని ముంచేశాయి, 2004లో హర్సూద్ ఊరే ఖాళీ అయింది, అయినా జనం చుట్టూ తిరిగి నడిచే వెళ్తున్నారు. మరి ఆగితే తప్పేముంది? పాత లెక్క ప్రకారం పరిక్రమకి 3 ఏళ్ళ 3 నెలల 13 రోజులు, వానాకాలపు నాలుగు నెలల చాతుర్మాస్యం వస్తే ఉన్నచోటే ఉండిపోతారు. నేను నడిచినప్పుడు జ్వరమొస్తే ఒక పల్లెలో పెద్దావిడ పదకొండు రోజులు అరుగు మీద పడుకోబెట్టి, జొన్నరొట్టె, పలచటి పప్పు పెట్టి, కాళ్ళు నిలదొక్కుకున్నాకే ‘నర్మదే హర్’ అని సాగనంపింది. తొందరంతా టికెట్లు చేయించినవాళ్ళదే.

నర్సమ్మ: ఆగడానికైతే నాకూ సమ్మతమే అన్నా. కానీ ఆముదంతో తగ్గేది కాదది. హర్దా ఊరు దగ్గరే కదా, డాక్టర్ని ఆయన ఉన్నచోటికే తీసుకురండి. షుగర్ టెస్ట్ తప్పకుండా చేయించండి.

తుంగభద్ర: అసలు స్వామివారిని అడిగారా? దీక్ష ఆయనది, కాలూ ఆయనదే.

గోదారిగట్టు: పొద్దున అడిగాను. పక్కన పెట్టుకున్న నర్మద నీళ్ళ సీసా చూపించి, "దీన్ని ఓంకారేశ్వరుడికి సమర్పించాలి నాయనా, ఎప్పుడన్నది అమ్మ చూసుకుంటుంది, కారు మాత్రం వద్దు" అన్నారు. డాక్టరుకి ఒప్పుకున్నారు, రేపు వస్తున్నాడు. నా టికెట్ రద్దు చేసుకుని, మందులు పట్టుకుని ఈ రాత్రికే బయల్దేరుతున్నాను. మావాళ్ళలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు.