విరేచనాలు కట్టే మాత్ర ఇంట్లో ఉంది, నాన్నగారికి వేయవచ్చా? మీ అనుభవాలు చెప్పండి

బ్రాడీపేట_అబ్బాయి (గుంటూరు)
నిన్న తెనాలిలో పెళ్లి భోజనం చేసి వచ్చిన దగ్గర నుంచి నాన్నగారికి నీళ్ల విరేచనాలు. జ్వరం లేదు, రక్తం లేదు. వాంతి ఒకసారి అయి ఆగింది. ఆయనకు 68 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. ఇంట్లో లోపరమైడ్ 2 మి.గ్రా. మాత్రల పట్టీ ఉంది. రేపు ఉదయం రైలులో హైదరాబాద్ వెళ్లాలి. "ఒక మాత్ర వేసుకుంటే కట్టేస్తుంది, ప్రయాణం మానేది లేదు" అని ఆయన పట్టు. మజ్జిగలో మెంతులు వేసి ఇస్తానని అమ్మ పట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లాలా, షాపు మందుతో సరిపోతుందా? ఇలాంటప్పుడు మీరంతా ఏమి చేశారు?

పటమట_పిన్ని
మాత్ర సంగతి తర్వాత బాబూ. మూత్రం ఎప్పుడు పోశారో అడిగావా? రంగు ఎలా ఉంది? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? మా ఇంట్లో పెద్దాయనకు ఇలా అయినప్పుడు అందరం విరేచనాలు లెక్కపెడుతూ కూర్చున్నాం, నీళ్లు ఎన్ని తాగారో ఎవరూ చూడలేదు. ముందు ఓఆర్ఎస్ కలుపు.

గవర్నరుపేట_ఫార్మసిస్టు (విజయవాడ)
చాలా ఏళ్లుగా మందుల షాపు కౌంటరు వెనక ఉన్నవాణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను. లోపరమైడ్ చేసే పని ఒక్కటే, పేగు కదలికను నెమ్మదింపజేయడం. నల్లమందు జాతిదే గాని, మామూలు మోతాదులో మత్తు ఇవ్వదు, పేగు వరకే పనిచేస్తుంది. ఆహారం, నీరు పేగులో కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి నీరు ఒంటికి పడుతుంది. అంతే. అది క్రిమిని చంపదు, పోయిన ఉప్పును తిరిగి ఇవ్వదు. విరేచనం ఆగింది కదా అని నీళ్లు తాగడం మానేసేవారు ఎక్కువ. ప్రమాదమంతా అక్కడే.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సొంతంగా వాడుకుంటే మొదట 2 మి.గ్రా. మాత్రలు రెండు, ఆపైన పలచగా అయిన ప్రతిసారీ ఒకటి. 24 గంటల్లో మొత్తం నాలుగు దాటకూడదు. రెండు రోజుల్లో తగ్గకపోతే మాత్ర ఆపి డాక్టరుకు చూపించాలి. మోతాదు బాగా మించితే గుండె లయ తప్పుతుందని అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరించింది. గుండె జబ్బుకు మందులు వాడేవారు, ఫంగస్‌కు ఇట్రాకొనజోల్ వంటివి మింగుతున్నవారు అడగకుండా వేసుకోవద్దు.

అసలు వేయకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. విరేచనంలో రక్తం, చీము, తీవ్రమైన జ్వరం, కడుపు ఉబ్బి గట్టిపడటం, ఈ మధ్య యాంటీబయాటిక్ వాడాక మొదలైన విరేచనాలు. వీటిలో పేగును కట్టేస్తే లోపలి విషం బయటికి పోయే దారి మూసినట్టే.

మీ నాన్నగారి విషయానికి వస్తే నాకు మాత్ర కంటే ఆ మిగతా మూడు మందులే ఎక్కువ భయం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ వల్ల బీపీ పడిపోవచ్చు, మూత్రపిండాలపై భారం పడుతుంది. మెట్‌ఫార్మిన్ కూడా అప్పుడు మంచిది కాదు. పైగా అది తానే కొందరికి విరేచనాలు తెస్తుంది. తిండి తినకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే షుగరు అమాంతం పడిపోతుంది. ఏది ఆపాలో, ఎన్ని పూటలు ఆపాలో మీరూ నేనూ తేల్చేది కాదు. మందులు రాసిన డాక్టరుకు ఇప్పుడే ఫోను చేయండి.

మిర్చియార్డు_మిత్రుడు (గుంటూరు)
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాదు. నాకు కడుపు పాడైతే నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. షాపులో అడిగితే చాలు, ఇస్తారు. మర్నాటికి యార్డులో ఉంటాను.

గవర్నరుపేట_ఫార్మసిస్టు
మిత్రమా, మీరు మర్నాటికి యార్డులో ఉండటం ఆ మాత్ర గొప్పతనం కాకపోవచ్చు. పెళ్లి భోజనం తేడా చేసినా, వైరస్ వల్ల వచ్చినా, చాలావరకు విరేచనాలు వాటంతట అవే తగ్గుతాయి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని దాని అర్థం. చీటీ లేకుండా ఇచ్చే షాపులు ఉన్నాయి, కాదనను. మా వృత్తికి అది సిగ్గుచేటు.

ఇంకో రెండు మాటలు. టినిడజోల్ వేసుకుని మద్యం తాగితే వాంతులు, గుండె దడ పట్టుకుంటాయి. నార్‌ఫ్లాక్సాసిన్ జాతి మందులు అరవై దాటినవారిలో మడమ వెనక ఉండే స్నాయువును (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది) దెబ్బతీయవచ్చు, గ్లిమిపిరైడ్ వాడేవారిలో షుగరును ఇంకా కిందికి లాగవచ్చు. అందుకే మీ మాత్రను బ్రాడీపేట పెద్దాయనకు దయచేసి సిఫారసు చేయకండి.

మిర్చియార్డు_మిత్రుడు
మద్యం సంగతి ఇన్నాళ్లూ ఏ షాపువారూ చెప్పలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి (మొగల్రాజపురం)
పిల్లల గురించి కూడా రాస్తాను, ఈ చర్చ చూసి ఎవరైనా పసివాడికి సగం మాత్ర వేస్తారేమోనని భయంగా ఉంది. మా చిన్నవాడికి రెండేళ్లు నిండక ముందు విరేచనాలు పట్టుకున్నాయి. మా వీధి దగ్గరి షాపులో అడిగితే పెద్దవాళ్ల మాత్ర చూపించి సగం విరిచి తేనెలో కలిపి నాకించమన్నారు. అక్కడే పెట్టేసి వచ్చాను. తర్వాత మా పిల్లల డాక్టరు చెప్పింది వింటే ఒళ్లు జలదరించింది. చిన్నపిల్లల్లో ఆ మందు పేగు కదలికను పూర్తిగా ఆపేయగలదట. 1990 ప్రాంతంలో పాకిస్తాన్‌లో పసిపిల్లలు చనిపోయాక చుక్కల మందును ఉపసంహరించుకున్నారట.

వాడికి ఇచ్చినవి రెండే, ఓఆర్ఎస్, జింకు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. విరేచనాలు ఆగినా మధ్యలో మానకూడదు. చాలామంది తల్లులు మూడో రోజే సీసా పక్కన పెట్టేస్తారు. ఓఆర్ఎస్ రెండేళ్లలోపు వాళ్లకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. చనుబాలు ఆపకూడదు.

మరొకటి. పళ్ల రుచుల్లో దొరికే అట్టపెట్టెల పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని కొనకండి. వాటిలో చక్కెర ఎక్కువ, ఆ చక్కెరే పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో గాని అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వేయకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించలేదు. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి.

డాలస్_నుంచి_సెలవులకు
మేము వచ్చేటప్పుడు బిస్మత్ అనే గులాబీ రంగు కడుపు మందు సీసా తెచ్చుకుంటాం, బెంజ్ సర్కిల్ దగ్గర పానీపూరీ తిన్న ప్రతిసారీ అదే ఆధారం. అది వేసుకుంటే నాలుక, విరేచనం నల్లబడతాయి. తెలియక మా అత్తగారు రక్తం పడుతోందని ఇల్లంతా ఏకం చేశారు. అందులో ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన పదార్థం ఉంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆస్పిరిన్ పడనివారు, పిల్లలు తీసుకోకూడదు. మీ నాన్నగారికి గుండె కోసం ఆస్పిరిన్ కూడా ఉంటే దీని జోలికి పోకండి.

మజ్జిగ_పక్షం (సత్తెనపల్లి)
మాత్రలు రాకముందు గుంటూరు జిల్లా ఎలా బతికిందో ఎవరూ చెప్పరు. గంజిలో ఉప్పు, పలచని మజ్జిగ, సగ్గుబియ్యం జావ, అరటిపండు. చాలదా?

పటమట_పిన్ని
గంజీ మజ్జిగా నేనూ ఇస్తాను అన్నయ్యా, మంచివే. కానీ "ఎలా బతికింది" అంటే అందరూ బతకలేదు. మా అమ్మమ్మ కన్నవాళ్లలో ఇద్దరు ఈ విరేచనాలతోనే పోయారు, ఆ రోజుల్లో నీళ్లు తాగనిస్తే ఇంకా ఎక్కువవుతాయని గొంతు తడపడానికి కూడా ఇచ్చేవారు కాదట. పొట్లం దొరకని వేళ లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

సింగ్‌నగర్_వాసి (విజయవాడ)
2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్లలోకి వచ్చినప్పుడు ఒక పాఠం నేర్చుకున్నాం. ఒక్క ఇంట్లో విరేచనాలైతే అది భోజనం తేడా కావచ్చు. వీధిలో నాలుగు ఇళ్లలో మొదలైతే అది నీళ్ల పైపు. అప్పుడు ఎవరి మాత్ర వాళ్లు వేసుకుని ఊరుకోవద్దు. వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శికి చెప్పండి, నీళ్లు పరీక్ష చేయిస్తారు. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతుంటే కలరా కావచ్చు. అప్పుడు చర్చలు లేవు, 108కి ఫోను చేసి, బండి వచ్చేవరకు ఓఆర్ఎస్ తాగిస్తూనే ఉండాలి. తెనాలి పెళ్లికి వచ్చిన మిగతావాళ్లు ఎలా ఉన్నారో కనుక్కున్నారా?

బ్రాడీపేట_అబ్బాయి
కనుక్కున్నాను. మా పెద్దనాన్నకూ, ఇంకో ఇద్దరికీ అలాగే ఉంది, అందరూ ఆ పెరుగు చట్నీ తిన్నవారే. డాక్టరుగారితో మాట్లాడాను. మూడు మందుల్లో ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పారు, గ్లూకోమీటరుతో పూటపూటా చూడమన్నారు. లోపరమైడ్ ఇప్పుడు వద్దు, మూత్రం సరిగా వస్తూ జ్వరం లేకపోతే రేపు ఆలోచిద్దామన్నారు. ఆరు గంటలు మూత్రం రాకపోయినా, మాట తడబడినా నేరుగా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. రైలు టికెట్టు రద్దు చేశాను. ఆయన నాతో మాట్లాడటం లేదు, కానీ ఓఆర్ఎస్ తాగుతున్నారు.

షుగరు ఉన్నవాళ్లు ఓఆర్ఎస్ తాగవచ్చా అని అమ్మ అడుగుతోంది. తీపి కదా.

గవర్నరుపేట_ఫార్మసిస్టు
తాగవచ్చు, తాగాలి. సరైన ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ కాస్త గ్లూకోజు తోడుంటేనే పేగు ఉప్పును, నీటిని లోపలికి లాక్కుంటుంది. రుచి కోసం పెట్టింది కాదు. గుండె నీరసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి. పెద్ద పొట్లాన్ని లీటరు నీటిలో ఒకేసారి పూర్తిగా కలపండి. సగం పొడి గ్లాసులో వేసి, మిగతాది మడిచి పెట్టడం వద్దు. అలా చేస్తే పాళ్లు తప్పుతాయి.

మిర్చియార్డు_మిత్రుడు
కలిపింది మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి ఎల్లుండి తాగవచ్చా?

గవర్నరుపేట_ఫార్మసిస్టు
కుదరదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్త పొట్లం కలపండి.