మరణాంతాని వైరాణి: ఈ మాటని సరిగ్గానే వాడుతున్నామా?

బర్కత్‌పురాలో మా అపార్ట్‌మెంట్ పాత ప్రెసిడెంట్ గారు ఈ మధ్య పోయారు. పెద్దకర్మ భోజనాల దగ్గర ఒకాయన, "లిఫ్టుకని ఇంటికి ఇరవై వేలు వసూలు చేశారు, రెండేళ్లయినా లెక్క చెప్పలేదు" అని గొణిగాడు. పక్కనున్న పెద్దాయన వెంటనే "మరణాంతాని వైరాణి అన్నారు బాబూ" అన్నారు. అంతే, అందరం తలలు దించుకుని పెరుగన్నం కలుపుకున్నాం. పోయినవాళ్ల తప్పులు ఎత్తకూడదనేనా ఈ మాటకి అర్థం? శ్లోకం పూర్తిగా తెలిసినవారు చెప్పండి.

— ఇది వాల్మీకి రామాయణం యుద్ధకాండలోది సార్. రావణుడు చచ్చాక రాముడు విభీషణుడితో అంటాడు:

మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనం
క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ

చావుతో పగలు సరి, మన పని అయింది, ఇతనికి సంస్కారం చెయ్యి, ఇతను నీకెంతో నాకూ అంతే అని. కానీ దీనికి ముందు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. విభీషణుడు నేను చెయ్యనంటాడు. ధర్మం వదిలేసినవాడు, క్రూరుడు, అబద్ధాలకోరు అని అన్నగారి శవం పక్కనే ఏకరువు పెడతాడు. "లోకం నన్ను కఠినుడంటుంది, ఇతని గుణాలు విన్నాక మంచి పనే చేశాడంటుంది" అని కూడా అంటాడు. రాముడికి కోపం రాలేదు సరికదా, అది విని 'పరమప్రీతుడు' అయ్యాడు. 'అధర్మానృతసంయుక్తః' అని తనూ ఒప్పుకున్నాడు. అధర్మం, అబద్ధం ఉన్నవాడే, కానీ తేజస్వి, బలవంతుడు, శూరుడు అన్నాడు. చావుతో పోయేది వైరం అన్నాడు గానీ దోషం అనలేదు. మీ పెద్దాయన శ్లోకంలో పావు ముక్క పట్టుకున్నారు.

— చిన్న పిడకల వేట. కీర్తిశేషుడంటే కీర్తి మాత్రమే మిగిలినవాడు. మనం ఆ కీర్తి ఉందో లేదో చూడకుండా కార్డు మీద కీ.శే. కొట్టించేస్తాం. మా పాతబస్తీలో ఉర్దూవాళ్లు మర్హూమ్ అంటారు, దయ పొందినవాడు అని. అందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. మనకీ కథాశేషుడు అనే మాట ఉంది. కథ మంచిదైనా చెడ్డదైనా చెల్లుతుంది. నాకదే నచ్చుతుంది, కానీ కార్డు మీద వేయిస్తే చుట్టాలు ఊరుకోరు!

— శ్లోకం సరే అన్నా, ఇంటావిడ, పిల్లలు వింటుండగా పెద్దకర్మ నాడే అడగాల్నా? మా దిక్కు "దినాలు అయిపోనియ్యి, తర్వాత చూద్దాం" అంటరు. అడగొద్దని కాదు.

— అందరికీ ధన్యవాదాలు. అడిగినాయన పూట చూసుకోలేదు, ఆపినాయన శ్లోకం చూసుకోలేదు. నేను రెండూ చూసుకోకుండా పెరుగన్నం తిన్నాను. నిన్న వాళ్లబ్బాయి మెట్ల మీద కలిసి, "నాన్న బీరువాలో అపార్ట్‌మెంట్ రసీదు పుస్తకాలున్నాయి, ఎవరికివ్వాలి అంకుల్?" అన్నాడు. ఆదివారం మీటింగుకి తెమ్మన్నాను. మెట్ల మీద ఎందుకంటే, లిఫ్టు ఇంకా పాతదే.