సంక్షోభం ‘నెలకొంది’ సరే, నెలకొల్పింది ఎవరు?

పోస్టు (మల్లేశ్వరం): అందరికీ నమస్కారం. మన బెంగళూరుకొచ్చే తెలుగు పేపర్లలో, విదేశీ వార్తల పేజీలో తరచూ కనబడే వాక్యం ఇది: ‘అఫ్గానిస్థాన్‌లో మానవతా సంక్షోభం నెలకొంది.’

నెలకొను అకర్మక క్రియ. సంక్షోభమే కర్త, దాన్ని తెచ్చిందెవరో చెప్పక్కర్లేదు. తలెత్తింది, ఏర్పడింది కూడా ఈ కోవలోవే. తుపానుకైతే ఇవి చాలు. కానీ 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకోగానే, తన దగ్గరున్న అఫ్గాన్ కేంద్ర బ్యాంకు సొమ్ము సుమారు 700 కోట్ల డాలర్లను అమెరికా కదలనివ్వలేదు. అప్పటిదాకా ప్రభుత్వ ఖర్చులో ముప్పాతిక వంతు విదేశీ సాయమే, అదీ ఆగింది. బ్యాంకుల్లో నోట్లు కరువు, టీచర్లకు, నర్సులకు జీతాల్లేవు. వానలూ పడలేదు, నిజమే. అయినా మిగతావన్నీ ఎవరో ఒకరు చేసిన పనులు కదా! వార్తలో ఆకలి మొదటి పేరాలో, ఇలాంటి ఆంక్షలు చివరి పేరాలో ఉంటాయి. రెంటినీ కలిపే వాక్యం ఉండదు. చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

జవాబు (మారతహళ్ళి): అలాగని ‘ఆంక్షల వల్లే’ అని రాసెయ్యకూడదండీ. ఆ ఏకారం మిగతా కారణాలన్నిటినీ తుడిచేస్తుంది. వెనెజువెలాపై అమెరికా ఆర్థిక ఆంక్షలు బిగిసింది 2017లో, చమురు ఎగుమతులపై 2019లో. సరుకుల కొరత, ధరల మంట అంతకుముందే ఉన్నాయి. 1990లలో ఇరాక్‌పై ఐరాస పెట్టిన ఆంక్షల వల్ల ఐదు లక్షల మంది పిల్లలు చనిపోయారన్న లెక్క 1999 నాటి సర్వే నుంచి వచ్చింది. 2003 తర్వాతి సర్వేల్లో పిల్లల మరణాలు అంతగా పెరిగినట్టు కనబడలేదు. సద్దాం ప్రభుత్వమే లెక్కలు మార్చిందని 2017లో పరిశోధకులు రాశారు. ఆ అంకె మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

పోస్టు రాసినవారు: ఒప్పుకుంటానండీ. అంకె తప్పైనా కష్టం అబద్ధం కాదు. ఇరాక్‌లో ఐరాస సాయం పనులు చూసుకున్న డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో ఆ ఆంక్షలు తప్పని చెప్పి రాజీనామా చేశారు.

జవాబు (జయనగర్): నేను ట్రేడ్ ఫైనాన్స్‌లో, అంటే ఎగుమతి దిగుమతుల చెల్లింపులు చూసే బ్యాంకు పనిలో ఉన్నాను. ‘మందులకు మినహాయింపు ఉంది’ అని రాసి వదిలేస్తారే, నాకు అదే పెద్ద టెన్షన్. ఇరాన్‌పై అమెరికా ఆంక్షల సంగతే చూడండి. చట్టంలో మినహాయింపు ఉంది. కానీ డబ్బు ఏదో ఒక బ్యాంకు గుండా రావాలి కదా? ఆంక్షలు దాటినందుకు 2014లో ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబాకు అమెరికాలో దాదాపు 900 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అది చూశాక ఏ బ్యాంకైనా నాలుగు డబ్బాల మందుల కోసం ఎందుకు తెగిస్తుంది? చెల్లింపు ఆగితే మందూ ఆగుతుంది. ‘మినహాయింపు ఉంది, డబ్బు కట్టే దారి లేదు’ అని రాస్తే చదివేవాళ్ళకు అర్థమవుతుంది.

పోస్టు రాసినవారు: చాలా బాగా చెప్పారమ్మా. అయితే నా వాక్యం ఇలా మారుస్తాను: ‘ఒకపక్క కరువు, ఒకపక్క అమెరికా ఆపేసిన సొమ్ము, మరోపక్క ఆడవాళ్ళను ఉద్యోగాల్లోంచి తీసేసిన తాలిబన్లు. అఫ్గాన్లకు తిండి దొరకడం లేదు.’ హెడ్డింగులో ఇంత పట్టదు. పొట్టిగా, కర్తను దాచకుండా చెప్పే మాట ఎవరికైనా తోస్తే రాయండి.